నడిమి జాగాలో రాలిన పూలు

ఇప్పపూల కాలంలో మా ఊళ్లో పంచాయితీ పెట్టడం అంత తేలిక కాదు. తెల్లవారకముందే ఊరు ఊరంతా చెట్ల కిందికి పోతుంది. ఎవరి చెట్టు కింద వాళ్లు వంగి పూలు ఏరుకుంటుంటే పలకరించినా తల ఎత్తరు. పూలు రాలడం ఆగేసరికి ఎండ నెత్తి మీదికి వస్తుంది. తెచ్చిన పూలు వాకిట్లో పరవాలి, ఇంత జావ తాగాలి, కాసేపు నడుం వాల్చాలి. కాబట్టి పంచాయితీ ఏదైనా ఉంటే అది మధ్యాహ్నం దాటాకే. మా ఇంట్లో జరిగిన అన్యాయానికి మూలం ఇదేనని నేనంటాను. మా అత్త సన్నే మాత్రం మూలం గురూజీ అంటుంది, ఇప్పటికీ.

నా పేరు రాధ. దోర్నపాల్ నుంచి అడవిలోకి పోయే దారిలో మా ఊరు. జోగ ఇంటి కోడల్ని. నా మొగుడు మంగల్ మిర్చి కోతలకని భద్రాచలం అవతలికి పోయాడు, నేను ఇక్కడ బళ్లో పిల్లలకు మధ్యాహ్నం వంట చేస్తాను. పన్నెండో తరగతి దాకా చదివాను. నా చదువు మా ఇంట్లో ఎవరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు పనికొస్తుంది. ఆధార్ కాగితం చదవాలంటే చదువుకున్నదాన్ని, నా మాట ఒకటి చెప్పబోతే చదువుకున్న పొగరుదాన్ని.

మా మామ జోగకు ఒక అన్న ఉండేవాడు. ఆయన చనిపోయి చాలా కాలమైంది. ఆయన పెళ్లాం ముయె, నాకు పెద్దత్త. పిల్లలు లేరు, ఒక్కతే ఉంటుంది. మామ వాళ్ల నాయన బతికుండగానే చెట్లు పంచాడు. పడమటి ఇప్పచెట్టు జోగది, తూర్పు చెట్టు పెద్ద కొడుకుది. రెండింటి మధ్య కాస్త బీడు ఉంది. దాన్ని నడిమి జాగా అంటాం. ఆ నేల మామ భాగంలో పడింది. కానీ మా దగ్గర పద్ధతి ఏమిటంటే, నేల ఎవరిదైనా పువ్వు మాత్రం చెట్టుదే. పెద్దత్త చెట్టు కొమ్మ ఒకటి నడిమి జాగా మీదికి బాగా సాగి ఉంటుంది. అందుకని అక్కడ రాలిన పూలు ఎప్పుడూ ఆమే ఏరుకునేది. పూలకాలం ముందు ఆ జాగాలో ఆకులు తగలబెట్టి, బూడిద ఊడ్చి, నేల నున్నగా చేసుకునేది కూడా ఆమే.

పెద్దత్తకు మోకాళ్లు పనిచేయవు. కూర్చుని, కూర్చున్నచోటే జరుగుతూ ఏరుతుంది. ఆమె చెట్టుకు మిగతా మూడు వైపులా రాళ్లు, ముళ్లపొదలు. పూలు దండిగా దొరికేది నడిమి జాగాలోనే. అవి లేకపోతే ఆమె కూడా మిర్చి కోతలకు పోవాల్సిందే. ఆ మోకాళ్లతో మిర్చి చేలో రోజంతా నిలబడటమంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, పెళ్లికి ముందు నేనూ పోయాను.

ఇక మా బడి పంతులు గురూజీ సంగతి. పేరు శ్యామ్‌ప్రసాద్. వాళ్లది శ్రీకాకుళం వైపు. నాయనకు రైల్వేలో పని కావడంతో ఆయన కిరండూల్‌లోనే పుట్టి పెరిగాడు. మంచివాడే. కాకపోతే ఏదైనా చేసి చూపించకుండా ఊరుకోలేడు. ఒక రోజు పిల్లల్ని బడి ముందు నిలబెట్టి, తాను డాబా ఎక్కాడు. కిరండూల్ గనుల నుంచి తెచ్చుకున్న ఇనుపరాయి ఒకటి, గోలీ అంత గులకరాయి ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని ఒకేసారి వదిలాడు. ఇనుపరాయే ముందు పడుతుందని పిల్లలంతా అరిచారు. రెండూ ఒకేసారి పడ్డాయి. నేను గరిటె పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి చూశాను. నిజం చెప్పొద్దూ, నేనూ ఇనుపరాయే అనుకున్నాను.

తర్వాత కాగితం ఒకటి వదిలాడు. అది ఊగుతూ ఊగుతూ పోయి బోరింగు దగ్గర పడింది. అదే కాగితాన్ని ఉండ చుట్టి వదిలితే నేరుగా గోడ కింద పడింది.

"చూసేరా? కాగితం అదే, బరువూ అదే. విప్పి వదిల్తే గాలి ఎక్కువ తగిల్తాది, అందుకని ఆపేస్తాది. ఉండ చుడితే తక్కువ తగిల్తాది. బరువొక్కటే చూస్తే సరిపోదు, గాలి ఎంత తగుల్తాదో అదీ చూడాల," అన్నాడు గురూజీ పైనుంచి.

పిల్లలకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. బడి పక్కనే ఉన్న రేషన్ దుకాణం అరుగు మీద మా మామ కూర్చుని ఉన్నాడు. ఆయనకు మాత్రం సగం అర్థమైంది. సగం అర్థమైన మాటతో ఎంత పని జరుగుతుందో ఆ వారంలోనే చూశాను.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మామ అన్నాడు. "తేలికది గాలికి పోతది. గురూజీ చూపించిండు. పువ్వు తేలికే గద. మన చెట్టు పడమట ఉంది. గాలి పడమటి నుంచే కొడ్తది. అంటే నడిమి జాగాల పడేది మన పూలే."

"నేను ఎప్పటిసంది అంటున్న?" అంది అత్త. ఆమె ఎప్పుడూ అనలేదు.

"ఆ జాగా నెత్తి మీదనే పెద్దత్త చెట్టు కొమ్మ ఉంది గద మామా," అన్నాను.

"కొన్ని ఆమెవి ఉంటయ్. ఎక్కువ మనవి," అన్నాడు మామ. ఆయన అబద్ధమాడటం లేదు. అదే నాకు ఎక్కువ ఒళ్లు మండించింది. అబద్ధమాడేవాడితో అయితే పోట్లాడొచ్చు. ఆయన కావలసినదాన్ని నమ్మేశాడు.

మామ అడిగాడు, పంచాయితీ మధ్యాహ్నం పెట్టారు. ఊరి పెద్ద లచ్చు, ఇంకో పదిమంది, అందరూ పొద్దుటి నుంచీ వంగి వంగి నడుములు పట్టేసి ఉన్నారు. గురూజీని సాక్ష్యానికి పిలిచారు. పెద్దత్త మా దొర్లి భాషలో చెప్పింది, గురూజీ వాళ్ల వైపు తెలుగులో చెప్పాడు, లచ్చు ఇద్దరికీ మధ్య హిందీ కలిపాడు. పెద్దత్త చెప్పింది ఒకటే. "నా మామ ఇచ్చిన చెట్టు. నేను ఎవరి పూలూ తీస్కోలే."

"పూలు గాలికి పోతాయా, పోవా? అది చెప్పండి గురూజీ," అన్నాడు లచ్చు.

"పోతే పోవచ్చు. వదిలి చూస్తే గానీ చెప్పలేనండి," అన్నాడు గురూజీ. చేసి చూపించే అవకాశం దొరికిందన్న వెలుగు ఆయన మొహంలో నాకు కనిపించింది.

అందరూ చెట్ల దగ్గరికి నడిచారు. మామ మా వాకిట్లో పరిచిన పూలు చిన్న బుట్టలో వేసుకుని, దాన్ని నడుముకు కట్టుకుని తన చెట్టెక్కాడు. నడిమి జాగా వైపున్న చివరి కొమ్మ మీదికి పోయి గుప్పిళ్లతో పూలు వదిలాడు. అప్పుడు గాలి ఎలా ఉందంటే నా చీర కొంగు నిలవలేదు. పూలు పక్కకు కొట్టుకుపోయి, మూడు బారలు దాటి, నడిమి జాగాలో చెల్లాచెదురుగా పడ్డాయి. జనం "ఆఁ" అన్నారు. మళ్లీ వదిలాడు, మళ్లీ అంతే.

"తేలిపోయింది," అన్నాడు లచ్చు. ఆయనకు ఇంటికి పోయి పడుకోవాలని ఉంది. "ఈ కాలంసంది నడిమి జాగా పూలు జోగయి."

అక్కడితో ఆగినా బాగుండేది. మామ చెట్టు దిగి, బుట్ట విప్పుతూ, అందరి ముందు పెద్దత్తను చూసి అన్నాడు. "ఇన్నేండ్లు నా పూలు ఏరుకున్నవ్ వదినే. దొంగతనం గాదా అది?"

పెద్దత్త కర్ర పట్టుకుని లేచి, మోకాళ్లు సర్దుకుని, నడుచుకుంటూ ఇంటికి పోయింది. మా ఊళ్లో ఒకరి చెట్టు కింద ఇంకొకరు పువ్వు ముట్టరు. మనిషి లేకపోయినా, బుట్ట అక్కడే వదిలి పోయినా ముట్టరు. అలాంటి ఊళ్లో ఆ మాట అనిపించుకున్నాక పూలు పోయాయా ఉన్నాయా అన్నది చిన్న విషయం. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా పొద చాటుకు పోయి ఏడ్చాను.

మర్నాడు పొద్దున అత్త నన్ను నడిమి జాగాలో ఏరడానికి పంపింది. పోయాను. పోకపోతే ఇంట్లో ఇంకో పంచాయితీ. పెద్దత్త తన చెట్టు వెనక, రాళ్ల మధ్య కూర్చుని దొరికినన్ని ఏరుకుంటోంది. నా వైపు చూడలేదు.

ఆ రోజు బళ్లో అన్నం వండుతుంటే గురూజీ వంటగదిలోకి వచ్చాడు. చేతిలో పంచాయితీ నాటి పువ్వొకటి ఉంది, జేబులో మర్చిపోయాడట. ఎండి కిస్మిస్‌లా ముడుచుకుంది.

"రాధమ్మా, ఇది అరచేతిలో ఉన్నట్టే లేదేటి? చెట్టు మీంచి రాలినప్పుడు కూడా ఇంత తేలిగ్గానే ఉంటాదా?"

"ఎక్కడ గురూజీ! రాలినప్పుడు రసం నిండి ఉంటది. నెత్తి మీద పడితే టప్పుమంటది."

ఆయన చేతిలోని పువ్వును అటూ ఇటూ తిప్పి చూశాడు. అన్నం గంజి పొంగుతున్నా పక్కకు జరగలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "రేపు పొద్దున ఏరిన పూలు కొన్ని ఎండబెట్టకుండా తేగలవా?"

తెచ్చాను. తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. గురూజీ డాబా ఎక్కి, ఒక గుప్పిట్లో పచ్చివి, ఇంకో గుప్పిట్లో ఎండినవి పట్టుకుని ఒకేసారి వదిలాడు. గాలి కొడుతూనే ఉంది. ఎండినవి పక్కకు పోయి అరుగు దాటాయి. పచ్చివి గోడకు జానెడు దూరంలో పడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. గురూజీ కొట్టలేదు.

"రెండు తప్పులు జరిగేయి," అన్నాడు కిందికి దిగి. "ఒకటి ఎండిన పువ్వు. రెండోది మధ్యాహ్నం గాలి. పూలు రాలేది తెల్లారగట్ల గదా. అప్పుడు గాలుంటాదేటి?"

"ఆకు కదలదు," అన్నాను.

"మరి ఆ మాట అక్కడ ఎవరూ అనలేదేటమ్మా?"

నేనేమనగలను? మధ్యాహ్నం ఊళ్లో పచ్చి పువ్వు ఒక్కటి ఉండదు, అన్నీ ఎండలో పరిచి ఉంటాయి. ఎండిన పువ్వునే మేము పువ్వు అంటాం, కొలిచేది అదే, బజారుకు మోసేది అదే. బుట్టలో ఉన్నది రాలిన పువ్వు కాదని ఆ పూట ఎవరికీ తోచలేదు. తోచినవాళ్లకు నిద్రొస్తోంది.

గురూజీ ఆ సాయంత్రమే లచ్చు ఇంటికి పోయాడు. నేను వెంట పోయి గుమ్మం బయట నిలబడ్డాను. లచ్చు అంతా విన్నాడు. "సరే గురూజీ. పూలకాలం అయినంక మళ్ల కూసుందాం," అన్నాడు.

"పూలకాలం అయిపోయాక దేన్ని చూస్తారండి?"

"ఇప్పుడు పొద్దుగాల రమ్మంటే ఎవరొస్తరు? నేనే రాను."

అది నిజమే. తెల్లవారుజామున చెట్టు వదిలి రమ్మని మా ఊళ్లో ఎవరినీ అడగలేం. అడిగినా తప్పే.

ఇంటికి వచ్చాక ఇక నేను ఆగలేదు. పొయ్యి దగ్గర కూర్చున్న మామ ముందు నిలబడి, డాబా మీంచి వదిలిన పూల సంగతి అంతా చెప్పాను. అత్త చేటలో బియ్యం అలాగే వదిలేసి లేచింది.

"ఎవరింటి కూడు తింటున్నవే నువ్వు?"

"మీ ఇంటిదే అత్తా. నేను ఏరిన పూలు పెద్దత్తవి, అందుకే ఆ కూడు నాకు గొంతు దిగుతలేదు."

మామ కోప్పడలేదు. పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "రేపు నేనే చూస్త," అన్నాడు.

మర్నాడు ఇంకా మసక ఉండగానే గురూజీ ఒక పాత తెల్లచీర తెచ్చి నడిమి జాగాలో పరిచాడు. ఊళ్లో ఇంకెవరూ రాలేదు. మామ తన చెట్టు కింద నిలబడి, ఏరకుండా పైకి చూస్తున్నాడు. పూలకాలంలో ఇప్పచెట్టు కింద చేతులు ఊరికే పెట్టుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను. గాలి లేదు. పూలు రాలడం మొదలైంది. మామ చెట్టు పూలు ఆయన చుట్టూ, ఆయన భుజాల మీద, ఆయన చెట్టు కిందే పడుతున్నాయి. ఒక్కటి కూడా పక్కకు జరగలేదు. ఇటు తెల్లచీర మీద కూడా పడుతున్నాయి, టప్ టప్‌మంటూ. పైన ఉన్నది పెద్దత్త చెట్టు కొమ్మ.

వెలుగొచ్చేదాకా మామ కదలలేదు. గురూజీ నోరు తెరవలేదు, ఆ ఒక్క పనికి ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. తర్వాత మామ వచ్చి చీర మీది పూలన్నీ తన బుట్టలోకి ఎత్తి, పెద్దత్త కూర్చున్న రాళ్ల దగ్గరికి పోయి, బుట్ట ఆమె పక్కన పెట్టాడు.

"నీ పూలు వదినే."

పెద్దత్త బుట్టను ముట్టలేదు. "దొంగకు పూలెందుకు ఇస్తున్నవ్?"

"ఇంక నడిమి జాగాకు నేను రాను. నువ్వే ఏరుకో."

"నువ్వు ఆ మాట అన్నప్పుడు ఊరంతా ఉన్నరు. ఇప్పుడు ఎవరున్నరు జోగా? ఈ గురూజీ, నీ కోడలు." ఆమె కర్ర పట్టుకుని లేచింది. "ఊరు వినేదాక ఆ జాగాల పువ్వు నేను ముట్ట."

ఆమె ముట్టలేదు. మామ ముట్టలేదు. ఆయన ముట్టొద్దన్నాక అత్తా నేనూ ముట్టలేదు. మర్నాడు పొద్దుటికి నడిమి జాగా అంతా పూలతో నిండిపోయి ఉంది. ఏరేవాళ్లు లేక పూలు నేల మీద పడి ఉండటం మా ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. ఎండెక్కేసరికి చీమలు పట్టాయి, ఎవరివో మేకలు వచ్చి తిన్నాయి. పులిసిన వాసన మా ఇంటి దాకా వచ్చింది. ఎవరింటి కూడు తింటున్నవని నా మీదికి లేచిన మా అత్త గుమ్మంలో కూర్చుని ముక్కు చీదింది. "కండ్లతోని చూడలేకపోతున్న. ఏదో ఒకటి చెయ్యి," అంది మామతో.

"లచ్చు ఇప్పుడు పంచాయితీ పెట్టనంటుండు," అన్నాడు మామ.

"ఆమె పంచాయితీ అడగలే మామా. ఊరు వినాలె అన్నది," అన్నాను.

ఆ మర్నాడు తెల్లవారుజామున మామ బుట్ట తీసుకోకుండా బయల్దేరాడు. అత్త నన్ను వెంట పంపింది, మధ్యలో వెనక్కి తిరుగుతాడేమోనని ఆమె అనుమానం. ముందు లచ్చు చెట్టు దగ్గరికి పోయాడు. లచ్చు వంగి ఏరుతున్నాడు.

"లచ్చన్నా, నడిమి జాగా పూలు మా వదినెవే. ఆమె దొంగ గాదు. నేను తప్పు మాట అన్న."

లచ్చు తల ఎత్తలేదు. "విన్న. పో. అడ్డం నిలబడకు, పూలు తొక్కుతున్నవ్."

అక్కడి నుంచి ఇంకో చెట్టు. అక్కడి నుంచి ఇంకోటి. వాగు అవతల ఉన్నవాటి దగ్గరికీ పోయాడు. ప్రతి చెట్టు కిందా అదే మాట, అదే వరసలో. కొందరు తల ఊపారు. ఒకామె నవ్వింది. ఒకాయన "ఎవరు దొంగ అన్నరు?" అని మళ్లీ అడిగితే మామ మొత్తం మళ్లీ చెప్పాడు. మొదట్లో ఆయన గొంతు బయటికి రాలేదు. వాగు దాటేసరికి పక్క చెట్టు వాళ్లకూ వినిపించేంత గట్టిగా చెప్పాడు. మా మామ మీద నాకు ఎప్పుడూ లేనంత ప్రేమ ఆ పొద్దున కలిగింది. చెప్పడానికి సిగ్గేమీ లేదు.

తిరిగి వచ్చేసరికి ఎండ చెట్ల మీదికి వచ్చింది. మాకన్నా ముందే ఆ మాట ఎవరి నోటనో పెద్దత్తకు చేరినట్టుంది. ఆమె నడిమి జాగాలో కూర్చుని, పాడైపోయిన పాత పూలు చీపురుతో పక్కకు ఊడ్చి, ఆ పొద్దున రాలినవి ఏరుతోంది. మామ పోయి ఆమె ముందు నిలబడ్డాడు. పొద్దుటి నుంచీ అన్ని చెట్ల కిందా చెప్పిన మాటే మళ్లీ మొదలుపెట్టాడు.

"వదినే, నువ్వు దొంగవు గాదు. నేను..."

పెద్దత్త చేతిలో పువ్వు బుట్టలో వేసి ఆయన వైపు చూసింది.

"నాకెందుకు చెప్తున్నవ్ జోగా? నాకు తెల్వదా?"

మామ తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. పెద్దత్త అప్పటికే పక్కకు జరిగి మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. ఆయన కూర్చుని, ఆమెకు చేయి అందని చోట రాలిన పూలు ఏరి, ఒక్కొక్క గుప్పెడూ తెచ్చి ఆమె బుట్టలో వేశాడు.